పేరు చెప్పని ప్రార్థన

నస్పూరు దాటి బొగ్గుబాయి వైపు వెళ్ళే మట్టిదారిలో, కార్మికుల గుడిసెల వరుస చివర, రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన మందిరం ఉండేది. ఆదివారం అక్కడ చేరేవారి కంటే బుధవారం సాయంత్రం ఇళ్ళలో జరిగే ప్రార్థనకు వచ్చేవారే ఎక్కువ. ఆదివారం దేవుడు చెప్పేది వారు వినాలి. బుధవారం వారు చెప్పేది దేవుడు వింటాడు.

ఆ బుధవారపు ప్రార్థనకు ఒక పద్ధతి ఉండేది. కష్టంలో ఉన్నవారు తమ కష్టాన్ని ముందుగా సంఘాన్ని నడిపే ఉపదేశికి చెప్పుకునేవారు. ఆయన చాప మీద మోకరించి, ఒక్కొక్కరి పేరెత్తి, ఒక్కొక్కరి బాధను విప్పి, దేవుని ముందు పెట్టేవాడు. ఒక్కో పేరు ముగియగానే అందరూ కలిసి ఆమేన్ అనేవారు. పర్శరాములు మోకాలి వాపు, అనసూర్యకు నిలవని కడుపు, అలిగి మంథనిలోనే ఉండిపోయిన ఒకరి అల్లుడు, అన్నీ ఆ చాప మీదికి వచ్చేవి. దాచిన రోగానికి మందు లేదు, దాచిన కష్టానికి ప్రార్థన లేదు అని సంఘంలో పెద్దదైన దేవవ్వ తరచూ అనేది. అందరూ ఆ మాట నమ్మేవారు.

అంబదాస్ ఆ సంఘానికి ఉపదేశిగా వచ్చి ఏడాది కాలేదు. భైంసా వైపువాడు. ఇంట్లో సగం మరాఠీ, సగం తెలుగు. నిండైన తెలుగు ఆయనకు వాక్యం చదవగా చదవగా పట్టుబడింది. అందువల్ల నలుగురిలో మాట్లాడవలసి వస్తే గొంతు తడబడేది గాని, కళ్ళు మూసుకుని మోకరిస్తే మాత్రం మాట వెంట మాట నడిచి వచ్చేది, లయ తప్పకుండా, తోవ తప్పకుండా. ఈ పిలగాడు ప్రార్థన చేస్తుంటే నా మోకాలు నొప్పి నాకే కొత్తగా కనిపిస్తుందని పర్శరాములు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు అంబదాసు చెవిన పడింది, మనసులోనూ పడింది.

బాయి దారి మలుపులో ఐలవ్వ చాయ హోటలు ఉండేది. నాలుగు గుంజలు, చుట్టూ తడికలు, ఒక పొయ్యి, రెండు బెంచీలు. షిఫ్టు దిగినవారూ, షిఫ్టుకు పోయేవారూ అక్కడ కలుసుకునేవారు. ఆమె భర్త బాలమల్లు బాయి లోపల బొగ్గు నింపేవాడు. కైలాసం ఆయన జోడీ. ఇద్దరూ కలిసి ఒకే బొగ్గు టబ్బు నింపేవారు. పని లేని పూట బాలమల్లు హోటలులో చాయ వంచేవాడు. మసిగుడ్డ లేకుండా మరిగే గిన్నెను దించుతాడని ఆయనకు పేరు. మా వోనిది చెయ్యి కాదు, పట్కారు అని కైలాసం పదిమందిలో చెప్పి నవ్వించేవాడు.

ఆ చలికాలంలో ఒకనాడు బాలమల్లు అరచేయి బొబ్బలెక్కింది. ఎప్పుడు కాలిందో ఆయనకు తెలియదు. చర్మం కాలిన వాసన వచ్చి ఐలవ్వ చూసింది. మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది. సూదితో పొడిచి చూస్తే ఆయనకు సూది తెలియలేదు. మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పెద్దరోగం అన్న మాటను ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

కాని ఐలవ్వ మోయలేకపోయింది. మందిరం దగ్గర అంబదాసును ఆపి, భర్తకు తెలియకుండా, సంగతంతా చెప్పింది. నువ్వు దేవునికి చెప్పు, మనిషికి చెప్పకు అని బతిమాలింది.

"పేరు తియ్యకు, పంతులూ. ఒక్కలకు ఎర్కయినా మా పొయ్యి ఆరిపోతది."

పేరు తీయనని అంబదాస్ మాట ఇచ్చాడు. ఆ మాట నిలబెట్టుకోవాలనే అనుకున్నాడు.

బుధవారం ప్రార్థన దేవవ్వ ఇంట్లో జరిగింది. బాలమల్లు ఎప్పటిలాగే గుమ్మం పక్కన కూర్చున్నాడు, కాలిన చేతిని తువ్వాలు కింద పెట్టుకుని. అంబదాస్ ఒక్కొక్క పేరూ ఎత్తాడు. ఒక్కొక్క ఆమేన్ లేచింది. చివరికి, పొద్దుటి నుంచి తనలో తిరుగుతున్న మాటలను ఆయన బయటికి వదిలాడు.

"ప్రభువా, మా నడుమ ఒక సహోదరుడున్నాడు. అతని పేరు నీవెరుగుదువు. అగ్ని మీది పాత్రను పట్టినను అది కాలుననే సంగతి అతని చేతికి తెలియదు. నిప్పు సయితము తన బాధను అతనికి చెప్పుట మానుకొన్నది. నీవు ముట్టిననే ఆ చెయ్యి మరల ఎరుగును. ముట్టుము ప్రభువా, ముట్టుము."

ఆమేన్ రాలేదు. అన్ని బాధలకూ పేర్లున్న చోట పేరు లేని బాధ ఒకటి వచ్చి నిలిచేసరికి, ప్రతివారూ దానికి పేరు వెతికారు. వెతకడానికి దూరం పోనక్కరలేదు. అంబదాస్ కళ్ళు తెరిచేసరికి అందరి చూపులూ గుమ్మం పక్కనే ఉన్నాయి. బాలమల్లు తువ్వాలును ఇంకొంచెం లోపలికి లాక్కుని, భార్య వైపు ఒకసారి చూసి, లేచి బయటికి నడిచాడు.

ఆ ప్రార్థనలో కూర్చున్న కైలాసం మర్నాడు తనకు వేరే జోడీ కావాలని, పని పంచే సర్దారును అడిగాడు. ఎందుకని సర్దారు అడిగితే చెప్పక తప్పలేదు. పొద్దు దిగేసరికి ఆ సంగతి బాయంతటికీ తెలిసింది. హోటలు బెంచీలు ఖాళీ అయ్యాయి. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు. దారికి అవతలి అంచున నడుస్తూ, చెయ్యెత్తి, దేవుడున్నాడు ఐలవ్వా, ఫికర్ చేయకు అని చెప్పి సాగిపోయేవారు. కాచిన పాలు కాచినట్టే విరిగిపోయేవి.

బాయి డాక్టరు బాలమల్లును పిలిపించి చూశాడు. నిదానంగానే చెప్పాడు. ఇక లోపలికి దిగడం కుదరదు. ఇందూరు వైపు కుష్ఠురోగానికే ఒక దవాఖాన ఉంది, గోళీలిస్తారు, నెలలు పట్టినా తగ్గుతుంది. ఇతని వల్ల ఇతరులకు భయం లేదని అక్కడివారు రాసిస్తే బాయి పైన పని ఏదైనా చూడవచ్చు. దవాఖానలో మంచం ఖాళీ అయ్యేదాకా ఇంట్లోనే ఉండమన్నాడు. అప్పటిదాకా ఇద్దరికీ, ఆ తరువాత ఐలవ్వ ఒక్కతికీ, ఆ హోటలే ఆధారం. అది ఉంటేనే బాలమల్లు తిరిగి రావడానికి ఒక ఇల్లు ఉంటుంది.

తరువాతి బుధవారం ఆ దంపతులు రాలేదు. దేవవ్వ తానే మోకరించి బాలమల్లు కోసం ప్రార్థించింది, ఈసారి పేరు పెట్టి. ఆమె కళ్ళ నీళ్ళు చాప మీద పడ్డాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. ఆమేన్ అంతకుముందెన్నడూ లేనంత గట్టిగా వచ్చింది. ఆ ఆమేన్ అన్నవారిలో ఒక్కరు కూడా మర్నాడు హోటలు గడప తొక్కలేదు.

ఐలవ్వ అంబదాసు ఉంటున్న గదికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, వాకిట్లోనే నిలబడింది.

"నేను పేరు తియ్యలే, వదినె," అన్నాడు అంబదాస్.

"పేరొక్కటి ఇడిసిపెట్టి మనిషినంత తెచ్చి నిలవెట్టినవు. పేరు తీసి, జరమొచ్చిందని అన్నా బాగుండు."

"నేను దేవునితోనే చెప్పుకున్న."

"దేవునికి గంత పొడుగు చెప్పాల్నా, పంతులూ? గిన్నె ముచ్చట, నిప్పు ముచ్చట ఆయనకు ఎర్కలేదా?" ఆమె గొంతు పెంచలేదు. "గదంత ఎవలికి చెప్పినవు?"

అంబదాసుకు జవాబు తెలుసు. ఆ మాటలు పలికేటప్పుడు ఆయన చెవి ఆకాశం వైపు లేదు. చాప మీద కూర్చున్నవారి ఊపిరి వైపు ఉంది. నిప్పు తన బాధను చెప్పడం మానుకున్నదన్న చోట ఎవరో నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు ఆయనకు ఇష్టమైంది. ఐలవ్వ కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

తప్పు చేసిన నోటితోనే తప్పు దిద్దుకోవాలని ఆయన అనుకున్నాడు. ఆదివారం అందరి ముందూ తన దోషం ఒప్పుకుని, సంఘాన్ని మందలించి, కలిసి హోటలుకు నడవమని చెప్పాలని నిశ్చయించుకున్నాడు. మాటలు అప్పుడే కుదురుకుంటున్నాయి. ముందుగా బాలమల్లును క్షమాపణ అడగాలని హోటలుకు వెళ్ళాడు. బాలమల్లు ఖాళీ బెంచీ మీద కూర్చుని, మంచి చేత్తో తడికె కట్టు బిగిస్తున్నాడు. అంబదాస్ తన ఆలోచన చెప్పాడు.

"మల్ల నా గురించే మాట్లాడుతవన్నట్టు," అన్నాడు బాలమల్లు.

"తప్పు నాది గద, అన్నా. దిద్దుకోవాలె గద."

"నీ తప్పు దిద్దుకునేటందుకు గూడ నా చెయ్యే కావాల్నా?"

బాలమల్లు కట్టును పంటితో లాగి ముడివేశాడు.

"వాక్యంల గా బూడిదల కూసున్నాయిన లేడా, ఒళ్ళంత పుండ్లు. పేరు యాదికొస్తలేదు. ఆయన దోస్తులొచ్చి ఊకె కూసున్నన్ని దినాలు మంచోళ్ళే, నోరు తెరిసినంకనే చెడిపోయిండ్రని నువ్వే చెప్తివి."

"చెప్పిన."

"మరి కూసో."

అంబదాస్ కూర్చున్నాడు. ఐలవ్వ చాయ గ్లాసు తెచ్చి బెంచీ మీద పెట్టింది. ఆ గ్లాసును కొద్దిసేపటి క్రితం బాలమల్లు కడగడం ఆయన చూశాడు. గ్లాసు అంచు మీద ఒక తడి చుక్క ఉంది. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ముట్టుము, ముట్టుము అని దేవుణ్ణి అంతగా అడిగినవాడు, తన చెయ్యి గ్లాసు దాకా పోవడం లేదని గ్రహించాడు. తాను చేయలేనిదాన్నే దేవుని మీద వేశాడు. వేసి, అందంగా వేసినందుకు సంతోషించాడు. చివరికి గ్లాసు ఎత్తి గటగటా తాగాడు.

"కషాయం తాగినట్టు తాగుతున్నవు," అన్నాడు బాలమల్లు. "చాయ బాగలేదా?"

"బాగున్నది, అన్నా."

"అబద్ధం. ఇయ్యాల చక్కెరే ఎయ్యలే. ఇంట్ల లేదు."

పొయ్యి దగ్గర ఐలవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది. చాలా దినాల తరువాత ఆ హోటలులో వచ్చిన నవ్వు అది. అంబదాసుకు సిగ్గు వేసింది, ఆ సిగ్గులోనే కొంత తేలిక కలిగింది.

ఆనాటి నుంచి ఆయన పొద్దుటి షిఫ్టు వేళకు వచ్చి, దారికి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చునేవాడు. ప్రార్థన చేసేవాడు కాదు. వాక్యం చెప్పేవాడు కాదు. ముచ్చట పెట్టమని బాలమల్లు అడిగితే, భైంసా పత్తి బండ్ల గురించి, ఎడ్ల గురించి, మరాఠీలో తన తల్లి తిట్టే తిట్ల గురించి తోచినంత చెప్పేవాడు. భయం వెంటనే పోలేదు. కాని గ్లాసు అంచు చూడడం ఎప్పుడు మానేశాడో ఆయనకే గుర్తులేదు. దారిన పోయేవారు చూసేవారు. కొందరు నడక తగ్గించేవారు. ఎవరూ ఆగేవారు కాదు. కైలాసం మాత్రం తల తిప్పకుండా అవతలి అంచున నడిచిపోయేవాడు.

బుధవారాల్లో అంబదాస్ బాలమల్లు సంగతి ఎత్తడం మానేశాడు. అది దేవవ్వకు నచ్చలేదు. ప్రార్థన ముగిశాక ఆయనను నిలబెట్టి, నీ ప్రార్థన చల్లబడింది, రోగంతో ఉన్నవాణ్ణి మరిచావని నిలదీసింది. రోజూ ఆయన దగ్గరికే పోతున్నానని అంబదాస్ చెప్పాడు. పోవడం వేరు, ప్రార్థన వేరు అన్నది దేవవ్వ. నేనూ అట్లనే అనుకున్నాను అవ్వా, అన్నాడు ఆయన. తరువాత మెల్లగా, మందలింపు గొంతులో ధ్వనించకుండా, అడిగాడు.

"నువ్వు ఆయన కోసం ఏడ్చినవు, అవ్వా. ఆ ఏడుపు నిజమే. మరి చాయ తాగుటందుకు ఎందుకు పోవు?"

దేవవ్వ చాప చుట్టి గోడకు ఆనించింది.

"భయమైతది, కొడుకా. నా తోడవుట్టినోన్ని గీ రోగంతోనే ఊరవుతల పెట్టిండ్రు. మా అవ్వ బువ్వ గిన్నె కట్టెతోని నూకేది. నేను కండ్లార చూసిన."

"నాకు గూడ భయమే. మొదటి దినం చాయల చక్కెర లేదన్నది గూడ తెల్వలే నాకు."

దేవవ్వ నవ్వలేదు. ఆయన వైపు కొత్తగా చూసింది.

రెండు దినాలు పోయాక పొద్దుటే ఆమె హోటలుకు వచ్చింది. కొంగు కింద నుంచి తన ఇంటి ఇత్తడి గ్లాసు తీసి, చేయి చాచి పట్టుకుంది. ఐలవ్వ ఆ గ్లాసును చూసింది. ఆమె ముఖం గట్టిపడింది; గంటె చేతిలోనే ఆగిపోయింది. ఆ గ్లాసు చెప్పే మాట ఆమెకు అర్థమైంది. బాలమల్లుకూ అర్థమైంది.

"వంచు," అన్నాడు ఆయన భార్యతో.

ఐలవ్వ వంచింది. దేవవ్వ బెంచీకి చిట్టచివర కూర్చుని ఊదుకుంటూ తాగింది.

"గ్లాసు తెచ్చుకుంటివి. పొయ్యి గూడ తెచ్చుకోకపోయినవా, అవ్వా?" అన్నాడు బాలమల్లు.

"నాతోని గింతనే అయితది, మల్లూ. మీద ఉన్నోనికి ఎర్కే."

"గింతన్న అయింది," అన్నాడు బాలమల్లు. అంతటితో ఆ మాట ఆపేశాడు.

దేవవ్వ కూర్చున్న బెంచీ మీద మరునాడు పర్శరాములు కూర్చున్నాడు, చేతిలో తన గ్లాసుతో. వెనుక మరికొందరు వచ్చారు, ఎవరి గ్లాసు వారే పట్టుకుని. కొందరు కూర్చోకుండా నిలబడే తాగేవారు. ఐలవ్వ కడిగి బోర్లించిన గ్లాసులు బల్ల మీద అట్లాగే ఉండేవి; అంబదాసు ఒక్కడే వాటిలో తాగేవాడు. అది ఆమెకు గుచ్చుకునేది. గుచ్చుకుంటూనే ఆమె పాలు కాచేది. పూర్తిగా మంచిదని చెప్పలేని సహాయంతోనే ఆ పొయ్యి వెలిగింది.

చలి తగ్గే వేళకు ఇందూరు నుంచి కబురు వచ్చింది. మంచం ఖాళీ అయింది. గురువారం బయలుదేరి రమ్మన్నారు. బుధవారం ప్రార్థనకు వస్తామని ఐలవ్వ దంపతులు చెప్పి పంపారు. ఆ బుధవారం పగలే అంబదాస్ హోటలుకు వెళ్ళాడు. కూర్చోకముందే అడిగాడు.

"ఇయ్యాల మీ ముచ్చట ఎత్తాల్నా, వద్దా? ఎత్తితే ఏం చెప్పాలె?"

అట్లా ఎవరూ వారిని అడిగి ఉండలేదు. బాలమల్లు కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆలోచించాడు. పేరు చెప్పవచ్చునన్నాడు, ఇక దాచేదేమీ లేదు. చెయ్యి సంగతి మాత్రం వద్దన్నాడు.

"బస్సుల కూసునేటందుకు జాగ దొరకాలని అడుగు. కట్టు చూసి ఎవలన్న లేవగొడ్తరేమోనని ఉన్నది నాకు."

నీ సంగతేమిటని అంబదాస్ ఐలవ్వను అడిగాడు. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"నేను ఒక్కదాన్నే ఉంట అని చెప్పు. గంతే."

సాయంత్రం దేవవ్వ ఇల్లు నిండింది. బాలమల్లు గుమ్మం పక్కన కూర్చోబోతే దేవవ్వ లోపలికి జరగమన్నది. ఆయన కొంచెం జరిగాడు. ఆయనకూ మిగిలినవారికీ నడుమ ఒక మనిషి పట్టేంత చోటు ఉండనే ఉంది. అంబదాస్ మోకరించాడు. ఒక్కొక్క పేరూ గడిచింది. బాలమల్లు పేరు వచ్చేసరికి మాటలు బారులు తీరి నిలిచాయి. దూర ప్రయాణం, ఎడబాటు, నది, తీరం, అన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చాయి. ఆయన వాటిని పలకకుండా పోనిచ్చాడు.

"ప్రభువా, బాలమల్లు రేపు పొద్దున బస్సు ఎక్కుతాడు. కూర్చోవడానికి జాగా దొరకనియ్యి. ఐలవ్వ ఇంట్లో ఒక్కతే ఉంటుంది."

అక్కడితో ఆగాడు. అందరూ ఇంకా ఉందనుకుని కాచుకున్నారు. ఇంకేమీ రాలేదు. తల ఊపి ఒప్పుకుని వదిలేయడానికి ఆ మాటల్లో అందమేమీ లేదు. రెండు సంగతులు మాత్రం చాప మీద ఉండిపోయాయి, ఎవరైనా తీసుకుంటారేమోనని ఎదురుచూస్తున్నట్టు. అనసూర్య తల పైకెత్తి దేవవ్వ వైపు చూసింది.

"రాత్రిపూట నేను తోడు పండుకుంట, ఐలవ్వా," అన్నది దేవవ్వ. కాస్త ఆగి, "నా చాప నేను తెచ్చుకుంట," అన్నది.

"తెచ్చుకో, అవ్వా," అన్నది ఐలవ్వ.

గోడ దగ్గర కూర్చున్న కైలాసం గొంతు సవరించుకున్నాడు. జోడీ మార్చుకున్న నాటి నుంచి ఆయన బాలమల్లుతో ఒక్క మాటా మాట్లాడి ఉండలేదు. ఇప్పుడు కూడా ఆయన వైపు చూడకుండానే అన్నాడు.

"మంచిర్యాల దాక నేనొస్త. బస్సు ఎక్కిచ్చి వస్త."

"నీకు పొద్దుగాల షిఫ్టు గద," అన్నాడు బాలమల్లు.

"ఇడిసిపెడ్త."

"సంచి బరువున్నది. ఒక్క చేత్తోని నాతోని గాదు. ఒక చెవి నువ్వు పట్టాలె, ఒక చెవి నేను పట్టాలె."

కైలాసం ఆ కట్టు కట్టిన చేతినీ, ఆ మంచి చేతినీ చూశాడు. అందరూ ఆయననే చూస్తున్నారు. ఆయన తన రెండు అరచేతులనూ మోకాళ్ళకు తుడుచుకున్నాడు.

"పట్టుకుంట," అన్నాడు. "బస్సు ఎన్నిటికి?"

ఐలవ్వ బస్సు వేళ చెప్పింది.